పద్యంలో ఒదిగిన 64 గళ్ల వడ్లు

చౌటుప్పల్: చదరంగం బల్ల తొలి గడిలో ఒక వడ్లగింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా 64 గళ్లకూ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎన్ని గింజలు? 18446744073709551615. అక్షరాలా 20 అంకెల సంఖ్య.

కిలోకు సుమారు 40 వేల గింజల లెక్కన చౌటుప్పల్ రైతు కల్లంలో కూర్చుని మొదలుపెడితే, 21వ గడి నిండేసరికి 40 కిలోల బస్తా దాటి మరో 12 కిలోలు మిగులుతాయి. 29వ గడికి 13 టన్నులు, అంటే లారీ లోడు. ఆ తర్వాతే అసలు సంగతి. మొత్తం బల్లకు 46 వేల కోట్ల టన్నులు కావాలి. ప్రపంచమంతా ఏటా పండించేది 80 కోట్ల టన్నులకు అటూ ఇటూ. పది టన్నుల లారీలు ఈ ఊరి మీదుగా విజయవాడ రోడ్డుపై సెకనుకొకటి చొప్పున రాత్రింబవళ్లు సాగినా, ఆఖరి లారీ ఊరు దాటడానికి దాదాపు 1,460 ఏండ్లు పడుతుంది.

ఇంతటి సంఖ్యను తెలుగువారు ఒక్క చంపకమాలలో ఇమిడ్చారు. 11వ శతాబ్దిలో మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరిట ప్రచారంలో ఉన్న పద్యమిది. అందులో అంకెలకు బదులు వస్తువుల పేర్లుంటాయి. చంద్రుడు 1, వేదాలు 4, మన్మథుని బాణాలు 5, కొండలు 7, దిగ్గజాలు 8, ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి.

చిక్కల్లా జ్ఞాపకంతోనే. కొండ మూడుచోట్ల మూడు పేర్లతో, సముద్రం రెండుచోట్ల రెండు పేర్లతో వస్తాయి. మాట పూర్తిగా ఎగిరిపోతే ఛందస్సు పట్టిస్తుంది. ఒక మాటకు బదులు మరొకటి పడితే? దానికి కాపలా ఆ సంఖ్యలోనే ఉంది. 64 రెండ్లను హెచ్చించి ఒకటి తీసేస్తే వచ్చే ఈ సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధం. చివరిదాన్ని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 641తో భాగం పోతుందని 1732లో ఆయిలర్ తేల్చాడు.

అంకెలన్నీ కూడితే 87; 3తో భాగం పోతుంది. కాని వేదం చోట కొండ పడితే మొత్తం 90, అదీ భాగం పోతుంది, తప్పు దొరకదు. 17 అలా వదలదు. ఒక అంకె మారితే తేడా 1 నుంచి 9 లోపు అంకె, దాని వెనుక సున్నలు. పక్కపక్క అంకెలు తారుమారైతే అలాంటి తేడాకే తొమ్మిది రెట్లు. రెండింటినీ 17 శేషం లేకుండా భాగించలేదు.

పద్యం వచ్చినవారు పలక మీద చేసి చూసుకోవచ్చు. 17తో భాగిస్తే 1085102592571150095 రావాలి, శేషం సున్న.