అత్త కోపం.. దుత్త మీద!

నడికుడి జంక్షన్‌లో మాచర్ల బండి కోసం చూస్తున్నా. ఫోన్లో బాస్ తిట్టాడు. ఆ కోపమంతా టీ కుర్రాడి మీద చూపించేశాను. అత్త మీద కోపం దుత్త మీదన్నమాట! కన్‌ఫ్యూషియస్ తన శిష్యుడు యాన్ హుయ్‌ని మెచ్చుకున్నది ఇందుకే: ఒకరి మీది కోపాన్ని ఇంకొకరి మీదికి మళ్లించడని.

అరిస్టాటిల్ ఇంకో మెట్టెక్కాడు. కోపం తగినవాడి మీద, తగినంతే, తగిన వేళలో రావాలి. రావాల్సినప్పుడు రాకపోయినా తప్పేనట.

మరి మన పల్నాటి బాలచంద్రుడు? కథలో, రాయబారానికెళ్లిన అలరాజును విషమిచ్చి చంపారు. బాలుడి కోపం న్యాయమైనదే అంటాన్నేను. తండ్రి బ్రహ్మనాయుడు సంధి కోరుతున్నా కత్తి దూశాడు. కానీ కారంపూడిలో కూలినవాళ్లలో విషం పెట్టినవాళ్లెందరు?

బండి ఇంకా రాలేదు. కుర్రాడి దగ్గరికే మళ్లీ వెళ్లాను.

"ఏందన్నా, ఇంకో టీనా?" అన్నాడు.