అతుకు గట్టిదైతేనే కుంటలో నీరు
హాట్ వెడ్జ్ వెల్డింగ్‌లో మెలకువలు, జాగ్రత్తలు

కోసిగి: కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో వర్షాధార సేద్యమే అధికం. వాన ముఖం చాటేసిన ఏడు కోసిగి పరిసర గ్రామాల కూలీలు, సన్నకారు రైతులు మిర్చి కోతలకు గుంటూరు ప్రాంతానికి వలస వెళ్లడం పరిపాటి. అటువంటి చోట కురిసిన నీటిని నిలుపుకునేందుకు సేద్యపు కుంటలే ఆదరువు. అయితే నీరు త్వరగా ఇంకిపోయే నేలల్లో కుంట తవ్వినంత మాత్రాన ప్రయోజనం ఉండదు. అడుగునా, గట్ల వాలునా ప్లాస్టిక్ షీటు పరవవలసిందే. ఉద్యాన పథకాల కింద నిర్మించే నీటి కుంటలకు 500 మైక్రాన్ల, అంటే అర మిల్లీమీటరు మందం షీటును నిర్దేశించారు. షీటు ఎంత మేలైనదైనా అతుకు వదిలితే నీరంతా నేలపాలవుతుంది.

ఉదాహరణకు 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతుతో, ఒకటిన్నరకు ఒకటి వాలుతో తవ్విన కుంటలో సుమారు 7.4 లక్షల లీటర్ల నీరు పడుతుంది. దానికి గట్టుపై పూడ్చే అంచులు కాక సుమారు 456 చదరపు మీటర్ల షీటు కావాలి. ఇంత విస్తీర్ణానికి ముక్కలను కలిపి అతకక తప్పదు. ఈ పనికి వాడేదే హాట్ వెడ్జ్ వెల్డింగ్ యంత్రం.

యంత్రం పనిచేసే తీరు

ఒక చివర మందంగా, మరో చివర పలుచగా ఉండే లోహపు ముక్కే వెడ్జ్. విద్యుత్తుతో వేడెక్కిన ఈ ముక్క ఒకదానిపై ఒకటి పరచిన రెండు షీట్ల మధ్య సాగుతూ రెండింటి ముఖాలను కరిగిస్తుంది. వెంటనే వెనుక ఉన్న రోలర్లు వాటిని అదిమి ఏకం చేస్తాయి. అనేక యంత్రాలు రెండు సమాంతర అతుకులు వేసి నడుమ సన్నని గాలి దారిని వదులుతాయి. అతుకును పరీక్షించేందుకు ఈ దారే ఆధారం.

పనికి ముందు

కుంటలో రాళ్లు, మొద్దులు, వేర్లు తొలగించి నేలను చదును చేయాలి. వాలుపై అతుకులు అడ్డంగా కాక, పై నుంచి కిందికి వచ్చేలా షీట్లు పరవాలి. ఒక షీటు అంచుపై మరొకటి 10 నుంచి 15 సెంటీమీటర్లు ఎక్కాలి. అతికే భాగంలో దుమ్ము, తడి లేకుండా పొడి గుడ్డతో తుడవాలి. ఈ ప్రాంతపు గాలికి ఎర్రమట్టి క్షణాల్లో మళ్లీ పేరుకుంటుంది. అందువల్ల యంత్రానికి ముందుగా ఒకరు తుడుస్తూ సాగడం మేలు. ఎండకు షీటు సాగుతుంది. 30 మీటర్ల హెచ్‌డీపీఈ షీటు 30 డిగ్రీల తేడాకు 10 నుంచి 18 సెంటీమీటర్ల మేర పెరుగుతుంది, చల్లబడితే అంతే కుదించుకుపోతుంది. మిట్టమధ్యాహ్నం బిగుతుగా అతికితే తెల్లవారుజాము చలికి అతుకుపై లాగుడు పడుతుంది. కొంత వదులు విడిచి, ఎండ ముదరకముందే పని సాగించాలి.

విద్యుత్తుతో జాగ్రత్త

వోల్టేజీ తగ్గితే వెడ్జ్ వేడి తగ్గి అతుకు బలహీనపడుతుంది. సన్నని, పొడవాటి వైరు వాడినా అదే ఫలితం. జనరేటరుకు యంత్రం కోరే సామర్థ్యం కన్నా ఎక్కువ శక్తి ఉండాలి. ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు తప్పనిసరి. నిల్వ నీటిలో గాని, తడి మట్టిలో గాని వైరు, ప్లగ్గు పెట్టరాదు.

అతికే విధానం

హెచ్‌డీపీఈ కరిగేది సుమారు 130 డిగ్రీల వద్దే అయినా, యంత్రం కదులుతూ పోతుంది గనుక వెడ్జ్‌ను సాధారణంగా 300 నుంచి 400 డిగ్రీల వరకు వేడి చేస్తారు. షీటు రకం, మందం, వాతావరణాన్ని బట్టి వేడి, వేగం, ఒత్తిడి మారతాయి. అందుకే ప్రతి రోజూ పని మొదలు పెట్టే ముందు తుక్కు ముక్కలపై అతికి చూడాలి. చల్లారాక పట్టీలు కోసి లాగాలి. అతుకు విడిపోకుండా షీటే చిరిగితే అమరిక సరైనదని అర్థం. పొరలు శుభ్రంగా విడివడితే వేడి చాలలేదని, అతుకు పలుచబడి ముడతలు వస్తే వేడి మించిందని గ్రహించాలి.

యంత్రాన్ని ఒకరు నడిపిస్తే మరొకరు షీట్లను, వైరును సరిచూడాలి. చివరికి చేరేలోగా లివరు వదిలి వెడ్జ్‌ను వెనక్కి తీయాలి. లేకుంటే రోలర్లు నేరుగా వేడి వెడ్జ్‌ను అదిమి పాడవుతాయి. వేడి యంత్రాన్ని షీటుపై కాక చెక్కపైనో, స్టాండుపైనో ఉంచాలి.

చేతులు జాగ్రత్త

తోలు చేతి తొడుగులు, బూట్లు ధరించాలి. వేలాడే తువ్వాలు, పంచె, చీర కొంగు రోలర్లలో చిక్కుకునే ప్రమాదం ఉంది. స్విచ్ ఆపిన తర్వాత కూడా వెడ్జ్ చాలాసేపు వేడిగానే ఉంటుంది. పీవీసీ షీటు మాడితే ఘాటైన, హానికర వాయువు వెలువడుతుంది. హెచ్‌డీపీఈ అమరికను దానికి వాడరాదు.

పరీక్షించాకే నీరు

గాలి దారి రెండు చివరలను మూసి, సూది ద్వారా గాలి ఎక్కించి సుమారు 5 నిమిషాలు పీడనాన్ని గమనించాలి. ఎంత పీడనం ఇవ్వాలో షీటు తయారీదారు సూచనలను బట్టి నిర్ణయించాలి. పీడనం నిలిస్తే అవతలి చివర తెరవాలి. అక్కడ గాలి బయటకు వస్తేనే దారి మొత్తం పరీక్షకు అందినట్లు. సూది రంధ్రాన్ని, మూడు షీట్లు కలిసే చోటులను ఎక్స్‌ట్రూషన్ వెల్డింగ్‌తో పూడ్చాలి. టేపు అంటించి ఊరుకోరాదు.

నీరు నిండిన తర్వాత మరో ప్రమాదం పొంచి ఉంటుంది. నున్నని షీటుపై కాలు జారి పడినవారు ఈత వచ్చినా పైకి ఎక్కలేరు. చుట్టూ కంచె, గట్టుకు కట్టి నీటిలోకి వదిలిన ముడుల తాడు, గాలి నింపిన ట్యూబు లేకుండా కుంట పని పూర్తయినట్లు భావించరాదు.