రెండు బొమ్మ రైళ్ళు, నాలుగు బ్లాకులు

అమెరికాలో క్రిస్మస్ చెట్టు చుట్టూ తిరగడానికి కొన్న బొమ్మ రైలు, తరచుగా మరుసటి ఏడాదికి బేస్‌మెంటులో 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలక మీదికి చేరుతుంది. అన్నకు ఒక రైలు ఉంటే చెల్లెలికి మరొకటి కావాలి. రెండవ ఇంజనును పట్టాల మీద పెట్టిన క్షణంలోనే తగవు మొదలవుతుంది. ఎవరు మీట తిప్పినా రెండు రైళ్ళూ కదులుతాయి. ఎవరు ఆపినా రెండూ ఆగుతాయి. లోపం ఇంజన్లది కాదు, పిల్లలది అసలే కాదు. పట్టాలకు విద్యుత్తును అందించిన పద్ధతిది.

విరివిగా వాడుకలో ఉన్న హెచ్.ఓ. నమూనాలో ప్రతి వస్తువూ అసలు పరిమాణంలో 87వ వంతు ఉంటుంది. పట్టాల నడిమి దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇందులో పట్టాలే తీగలు. ఒకటి ధనధ్రువం, రెండవది ఋణధ్రువం. చక్రాల ద్వారా మోటారుకు సుమారు 12 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తు అందుతుంది. వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది. ధ్రువాలను తారుమారు చేస్తే రైలు వెనుకకు నడుస్తుంది. ఇంజనుకు కుడివైపున ఉన్న పట్టా ధనధ్రువమైతే అది ముందుకు పోతుంది. కావున ఇంజనును ఎత్తి, ముఖం వెనుకకు తిప్పి పెట్టినా, గదిలో అది పోయే దిక్కు మారదు! పిల్లలకు ఇది గొప్ప వింత.

అసలు రైల్వేలు రెండు రైళ్ళ చిక్కును పంతొమ్మిదవ శతాబ్దంలోనే ఎదుర్కొన్నాయి. మార్గాన్ని బ్లాకులుగా విభజించి, ఒక బ్లాకులో ఒక సమయాన ఒకే రైలు ఉండాలన్న నియమాన్ని ఏర్పరచుకొన్నాయి. ముందు స్టేషను నుండి 'లైన్ క్లియర్' రానిదే రైలును వదలని స్టేషను మాస్టరును స్వస్థలంలో చూసినవారికి ఈ నియమం కొత్త కాదు. నమూనా మార్గానికీ ఇదే సూత్రం. పట్టాలను నిర్ణీత స్థలాలలో కోసి, ఆ సందులలో ప్లాస్టిక్ అతుకులు వేస్తారు. ప్రతి ముక్కకూ వేరు తీగలు, వాటికి ఒక స్విచ్చి. స్విచ్చి పైకి ఉంటే ఆ బ్లాకు అన్న నియంత్రణ పెట్టెకు చెందుతుంది, క్రిందికి ఉంటే చెల్లెలి పెట్టెకు. నడుమ ఉంటే ఎవరికీ కాదు.

మరి బ్లాకులు ఎన్ని ఉండాలి? రెండు రైళ్ళకు రెండు చాలునని తోస్తుంది. చాలవు. రెండు బ్లాకులూ నిండి ఉంటే ఏ రైలుకూ ముందు చోటు లేదు. మూడవది ఖాళీగా ఉంటే ఒక రైలు అందులోకి జరుగుతుంది, అది విడిచిన చోటికి రెండవది వస్తుంది. పదిహేను బిళ్ళలను జరిపే ఆట సాగేది పదహారవ గడి ఖాళీగా ఉన్నందువల్లనే కదా! అయితే సరిహద్దు దాటుతున్న రైలు కాసేపు రెండు బ్లాకులను ఆక్రమిస్తుంది. కనుక మూడు బ్లాకులతో ఒకరు నడుపుతుంటే రెండవవారు ఆగి చూడవలసిందే. ఇద్దరూ ఒకేసారి నడపాలంటే నాలుగు కావాలి.

పొడవు లెక్క కూడా చూడాలి. 18 అంగుళాల వ్యాసార్ధంతో మలుపులు వేస్తే పైన చెప్పిన పలక మీద వలయం సుమారు 18 అడుగులు వస్తుంది. 40 అడుగుల సరుకు పెట్టె ఈ నమూనాలో అయిదున్నర అంగుళాలు. ఇంజను, అయిదు పెట్టెలు, గార్డు పెట్టె కలిసి ఇంచుమించు మూడున్నర అడుగులు. నాలుగు బ్లాకులైతే ఒక్కొక్కటి నాలుగున్నర అడుగులు. రైలు పట్టగా ఒక అడుగు మిగులుతుంది. అయిదు చేస్తే రైలు అంచులకు ఆనుకొంటుంది, ఒక పెట్టెను తగ్గించక తప్పదు. ఈ గణితమంతా మేకులు కొట్టక మునుపే కాగితం మీద పూర్తి కావాలి.

అన్నిటికంటె మోసపుచ్చేది రైలు చుట్టి వచ్చి, తాను బయలుదేరిన పట్టాల మీదికే తిరిగి చేరే ఉచ్చు వంటి మలుపు. అక్కడ కుడి పట్టా చుట్టి వచ్చి అదే మార్గపు ఎడమ పట్టాను కలుస్తుంది. ధనధ్రువం ఋణధ్రువాన్ని తాకుతుంది. మలుపు పూర్తయిన వెంటనే, రైలు లేకున్నా, షార్ట్ సర్క్యూట్ అవుతుంది. దీనికి మలుపు రెండు కొసలలోనూ రెండు పట్టాలను కోయాలి. ఆ భాగం రైలు కంటె పొడవుగా ఉండాలి. రైలు అందులో ఉండగానే బయటి మార్గపు ధ్రువాలను మార్చివేస్తే, అది ఆగకుండా వెనుదిరిగి వస్తుంది.

పట్టాలను తయారు చేసే 'నికెల్ సిల్వర్'లో వెండి లేదు! అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. దీని విద్యుత్ నిరోధం రాగికి పదిరెట్లకు పైమాటే. అందుచేత బల్ల క్రింద లావు రాగి తీగను నడిపి, ప్రతి బ్లాకుకూ దాని నుండి శాఖ ఇవ్వడం మేలు. మరొక హెచ్చరిక: అమెరికాలో కొన్న 120 వోల్టుల నియంత్రణ పెట్టెను సెలవులలో ఇండియాకు తీసుకొనిపోయి 230 వోల్టుల గోడ ప్లగ్గుకు నేరుగా తగిలిస్తే అది కాలిపోతుంది.

1990ల నడుమ నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ప్రమాణాలతో స్థిరపడిన అంకీయ పద్ధతిలో ప్రతి ఇంజనుకూ ఒక సంఖ్య ఉంటుంది. ఆదేశాలు పట్టాల ద్వారానే చేరుతాయి. ఎవరి ఇంజను వారి మాట వింటుంది. బ్లాకు స్విచ్చిలతో పని తగ్గింది. ఢీకొనడం తగ్గలేదు, ఎందుకంటే ముందున్న రైలు సంగతి ఇంజనుకు తెలియదు. ఉచ్చు మలుపులోని ఆ నాలుగు కోతలు మాత్రం ఈ పద్ధతిలోనూ వేయవలసిందే.