ఇండోనేషియాలో ప్రభుత్వ సెలవు దినాలు

ఇండోనేషియా ఆగ్నేయాసియాకు చెందిన ద్వీపసముదాయ దేశము. ఈ దేశ జనాభాలో సుమారు 87 శాతం ముస్లిములు. అయినప్పటికీ ఇస్లాం ఇక్కడ రాజ్యమతం కాదు. ముస్లిములు షరియత్‌ను పాటించాలనే వాక్యాన్ని రాజ్యాంగ పీఠిక ముసాయిదా నుండి 1945 ఆగస్టు 18న తొలగించి, పంచశీల సూత్రాలను దేశానికి పునాదిగా స్వీకరించారు. అందువలన సెలవుల పట్టికలో ఇస్లాం, ప్రొటెస్టెంటు, కాథలిక్, హిందూ, బౌద్ధ, కన్ఫ్యూషియస్ మతాల పండుగలన్నీ కనిపిస్తాయి. అయితే ఇవన్నీ ఒకేసారి చేరినవి కావు. ఏ పండుగ ఎప్పుడు చేరినదో చూస్తే ప్రభుత్వం ఎవరిని ఎప్పుడు గుర్తించినదో తెలుస్తుంది.

సెలవుల తేదీలను ప్రతి సంవత్సరం మత వ్యవహారాలు, కార్మిక, పరిపాలనా సంస్కరణల శాఖల మంత్రులు ముగ్గురూ ఉమ్మడి ఉత్తర్వు ద్వారా ప్రకటిస్తారు.

ఇస్లాం పండుగలు

రంజాన్ పండుగను ఇక్కడ లెబారన్ అని కూడా అంటారు. దీనికి రెండు రోజులు సెలవు. నగరాలలోని కోట్లాది జనం సొంత ఊళ్ళకు తరలివెళ్ళే ఈ ప్రయాణాన్ని ముదిక్ అంటారు. పండుగకు కనీసం ఏడు రోజుల ముందే యజమానులు ఉద్యోగులకు పండుగ భత్యం చెల్లించాలి. సంవత్సరం సర్వీసు పూర్తయినవారికి అది ఒక నెల జీతం. పండుగ తేదీపై మాత్రం ఏకాభిప్రాయం ఎల్లప్పుడూ కుదరదు. ముహమ్మదియా సంస్థ ఖగోళ గణితాన్ని అనుసరించగా, ప్రభుత్వం నెలవంక దర్శనాన్ని కూడా పరిగణిస్తుంది. 2023లో ముహమ్మదియా ఏప్రిల్ 21న, ప్రభుత్వం ఏప్రిల్ 22న పండుగ జరిపాయి.

బక్రీదు, మీలాద్, మేరాజ్ కూడా సెలవులే. తెలుగునాట మొహర్రం సెలవు పీర్ల పండుగనాడు, అనగా ఆ నెల పదవ రోజున వస్తుంది. ఇండోనేషియాలో సెలవు మొదటి రోజున, హిజ్రీ సంవత్సరాది సందర్భంగా ఇస్తారు.

న్యెపి

1983లో న్యెపి, బుద్ధపూర్ణిమ (వైసాక్) జాతీయ సెలవులైనాయి. న్యెపి బాలి హిందువుల శక సంవత్సరాది. ఇది మన ఉగాదికి మూలమైన శాలివాహన శకమే. 2023లో రెండు పండుగలూ మార్చి 22ననే వచ్చినవి, రెంటికీ శకవర్షం 1945. అధికమాసం వేసే పద్ధతి వేరు కావటంచేత 2024లో న్యెపి మార్చి 11న, ఉగాది ఏప్రిల్ 9న వచ్చాయి.

కాని ఆచారం పూర్తిగా భిన్నం. ఆ రోజు బాలిలో దీపం, పని, ప్రయాణం, వినోదం నాలుగూ నిషిద్ధం. విమానాశ్రయాన్ని సైతం 24 గంటలు మూసివేస్తారు. 2018 నుండి మొబైల్ ఇంటర్నెట్‌ను కూడా నిలిపివేస్తున్నారు. 2023లో రంజాన్ మాసపు తొలి తరావీ నమాజు న్యెపి రాత్రే రాగా, ముస్లిములు దగ్గరలోని మసీదుకు లౌడుస్పీకర్లు లేకుండా నడిచి వెళ్ళేలా మతపెద్దలు ఒప్పందానికి వచ్చారు.

చీనీ నూతన సంవత్సరం

అన్నిటికంటే ఎక్కువ కాలం నిరీక్షించినది ఈ పండుగే. సుహార్తో ప్రభుత్వం 1967లో 14వ నంబరు ఆదేశంతో చీనీ ఆచారాలను బహిరంగంగా జరుపరాదని నిషేధించినది. 1998 మే నెల అల్లర్లలో చీనీయుల ఇళ్ళు, దుకాణాలు దాడులకు గురైనాయి. ఆ నిషేధాన్ని 2000లో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఎత్తివేశాడు. ఆయన నహ్దతుల్ ఉలమా అనే ముస్లిం సంస్థకు చిరకాలం నాయకుడు. 2001లో ఇది ఐచ్ఛిక సెలవు, మేగావతి పాలనలో 2003 నుండి జాతీయ సెలవు అయినది.

జాతీయ దినాలు

ఆగస్టు 17 స్వాతంత్ర్య దినం. ఆనాడు ఊరూరా నూనె రాసిన పోకమాను ఎక్కే పోటీ జరుగుతుంది, మన ఉట్లమాను వంటిదే. మే 1 సెలవు 2014లో, సుకర్ణో 1945లో పంచశీలపై ప్రసంగించిన జూన్ 1 సెలవు 2017లో మొదలయ్యాయి.

పట్టికలో లేనివి

దీపావళి జాతీయ సెలవు కాదు. బాలిలోని గలుంగన్ 210 రోజులకొకసారి వచ్చే పండుగ, దానికి సెలవు బాలికే పరిమితం. ఆరు మతాలలో చేరని స్థానిక విశ్వాసాలవారు తమ విశ్వాసాన్ని గుర్తింపు కార్డులో నమోదు చేసుకోవచ్చునని రాజ్యాంగ న్యాయస్థానం 2017లో తీర్పునిచ్చినది. వారి పండుగలలో ఒక్కటికీ జాతీయ సెలవు లేదు.