సిగ్నల్ ఫుల్... నెట్ నిల్!

ఉప్పల్, నాచారం నుంచి హైటెక్ సిటీ వైపు రోజూ వెళ్లొచ్చేవాళ్లకి వారంలో రెండ్రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికితే పండగే. ఆ పండగ పూట నెట్ ఆగిపోతే? నేనుండేది నాచారంలో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి వైఫై మొరాయించినా బెల్ మోగేది మా ఇంట్లోనే. 'అన్నా, సిగ్నల్ ఫుల్‌గానే ఉంది, నెట్ మాత్రం రావట్లేదు'... అందరిదీ ఇదే మాట. నిజానికి అవి రెండూ వేర్వేరు సంగతులు.

దారి ఒకటి కాదు, రెండు

నాచారంలో ఆటో ఎక్కి హబ్సిగూడ మెట్రోకి వెళ్లి, అక్కడ రాయదుర్గం రైలు పట్టుకుంటాం కదా. నెట్ కూడా అంతే. ల్యాప్‌టాప్ నుంచి రూటర్ దాకా వైఫై. అది ఆటో. రూటర్ నుంచి బయటికి కంపెనీవాళ్ల ఫైబర్. అది మెట్రో. సిగ్నల్ గీతలు ఆటో సంగతే చెబుతాయి. మెట్రో ఆగిందో లేదో వాటికి తెలీదు. అందుకే ముందు ఏ దారిలో తేడా వచ్చిందో పట్టుకోవాలి.

ముందు ఫోన్ చూడండి

మొబైల్ డేటా ఆపేసి, ఫోన్‌ని అదే వైఫైకి కలపండి. ఫోన్‌లో నెట్ వస్తే తేడా చాలావరకు ల్యాప్‌టాప్ వైపే. రెండిట్లోనూ రాకపోతే ఫైబర్ బాక్సు మీద లైట్లు చూడండి. ఎల్‌ఓఎస్ అని రాసున్నచోట ఎర్ర లైటు వెలుగుతుంటే బయటినుంచి సిగ్నలే రావట్లేదని అర్థం. ల్యాప్‌టాప్ ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు. కంపెనీకి ఫోన్ చేయాల్సిందే.

169తో మొదలైతే...

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లిష్‌లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయండి. వైఫై కింద ఐపీవీ4 అడ్రస్ అనే వరుసలో అంకెలుంటాయి. హాస్టల్లో వార్డెన్ గది నంబరు ఇచ్చినట్టు, రూటర్ ప్రతి ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఒక నంబరు ఇస్తుంది. ఇళ్లలో అది ఎక్కువగా 192.168తో మొదలవుతుంది. 169.254 కనిపించిందా? రూటర్ నుంచి నంబరు రాలేదు, ల్యాప్‌టాప్ తనకు తానే ఒకటి పెట్టుకుందన్నమాట.

మా రెండో అంతస్తులో ఇంజినీరింగ్ ఫైనలియర్ కుర్రాడికి ఇదే ఎదురైంది. అదీ ఉద్యోగం కోసం రాసే ఆన్‌లైన్ టెస్టుకి అరగంట ముందు. వైఫై పేరు మీద 'ఫర్గెట్' నొక్కి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టినా రాలేదు. రూటర్ ఆపి, నిమిషం ఆగి ఆన్ చేశాక నంబరొచ్చింది. అప్పటికి టెస్టుకి పది నిమిషాలే ఉంది.

నంబరు సరిగ్గానే ఉన్నా సైట్లు తెరుచుకోకపోతే, అక్కడే పింగ్ 8.8.8.8 అని కొట్టండి. రిప్లై వస్తోందంటే రెండు దారులూ బాగున్నాయి. సైట్ల పేర్లకి అడ్రస్ వెతికిపెట్టే డీఎన్ఎస్ దగ్గరే చిక్కు ఉండొచ్చు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్‌గా 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెట్టి చూడండి.

2.4 మంచిదా, 5 మంచిదా?

చాలా రూటర్లు రెండు బ్యాండ్లలో సిగ్నల్ ఇస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళ్తుంది, కానీ స్పీడ్ తక్కువ. పైగా అందులో ఒకదానికొకటి అడ్డురాని చానెళ్లు 1, 6, 11... మూడే. గోడకి గోడ ఆనుకున్న మన అపార్ట్‌మెంట్లలో పక్కిళ్ల రూటర్లన్నీ అక్కడే తోసుకుంటాయి. రూటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే 5 ఎంచుకోండి. రెండు గోడల అవతల ఉంటే 2.4 నయం. పాత ల్యాప్‌టాప్‌లో 5 పేరు కనిపించకపోతే కంగారొద్దు, దానికి ఆ బ్యాండ్ అందుకునే చిప్ లేకపోవచ్చు.

టెస్టు రోజు కేబులే

ఇంటర్వ్యూనో, పరీక్షో ఉంటే వైఫైని నమ్ముకోకండి. రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి ల్యాన్ కేబుల్ కలపండి. పక్కిళ్ల సిగ్నళ్ల గొడవ ఉండదు. ఇంకో మాట... కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, రూటర్ నడవదు. ఇన్వర్టర్ లేని ఇల్లయితే రూటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకోండి. అదీ లేకపోతే ఫోన్‌లో హాట్‌స్పాట్‌కి సరిపడా డేటా, చార్జింగ్ ఉన్నాయో లేదో గంట ముందే చూసుకోండి.