పెరటి ఆకులతో గ్లాసెడు టీ

సాయంత్రం నాలుగు గంటలయ్యేసరికి మా నాన్నగారు వీధి అరుగు మీదికి కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ముప్పై ఏళ్లకు పైగా బడిలో లెక్కలు చెప్పిన మనిషి. బడి విడిచిపెట్టే వేళకు టీ తాగడం అలవాటు. ఉద్యోగ విరమణ అయి ఎన్నో ఏళ్లయినా ఆ గంట ఆయన చెవిలో మోగుతూనే ఉంది. ఆ టీ కూడా చిక్కని పాలతో, రెండు చెంచాల పంచదారతో ఉండాలి. అలాంటివి రోజుకు అయిదు. 2018లో షుగరు, బి.పి. రెండూ ఉన్నాయని తేలినప్పుడు డాక్టరుగారు అయిదింటిని ఒకటికి తగ్గించమన్నారు.

మేము తగ్గించాం. టీతోపాటు ఆయన మాటలు కూడా తగ్గిపోయాయి. నాలుగు గంటలకు కుర్చీలో కూర్చుని ఉత్త చేతులు చూసుకునేవారు. వారం తిరిగేసరికి మాకు సంగతి అర్థమైంది. ఆయనకు కావలసింది చేతిలో ఒక వేడి గ్లాసు, దానితోపాటు పక్కన కూర్చుని కబుర్లాడే ఒక మనిషి. మరి ఆ గ్లాసులో ఏమి పోయాలి? వెదుక్కుంటూ పోతే పెరట్లోనే దొరికింది.

నిజానికి టీ అంటే తేయాకు. పుదీనా, తులసి, నిమ్మగడ్డి వంటివాటితో కాచుకునేదానిలో తేయాకు ఒక్కటీ ఉండదు. వాడుకలో దాన్ని కూడా టీ అనే అంటున్నాం. తేయాకులో ఉండే కెఫీన్ వీటిలో లేదు కాబట్టి రాత్రి పడుకునే ముందు తాగినా నిద్ర చెడదు. అంగళ్లలో రంగురంగుల పెట్టెల్లో ఇవే దొరుకుతాయి. గాని వాటిలో ఏయే ఆకు ఎంతెంత కలిపారో, ఎప్పుడు కోశారో మనకు తెలియదు. పెరటి ఆకు సంగతి అలా కాదు. దానికి నీళ్లు పోసింది మనమే, మందు కొట్టనిదీ మనమే.

మొదట నాటినవి

మాది రాజమహేంద్రవరం. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం డాబా మీద కాలు పెట్టలేము. పెరడంటే బావి పక్కన నాలుగు గజాల నేల, దానికి తోడు డాబా మెట్ల మీద వరుసగా పెట్టిన కుండీలు. ఇంతలోనే అన్నీ పెరిగాయి. కాబట్టి స్థలం లేదనే మాట మా దగ్గర చెల్లదు.

మొదట నాటవలసింది నిమ్మగడ్డి. మేము కడియపులంక నర్సరీల వైపు వెళ్లినప్పుడు ఒక్క దుబ్బు తెచ్చుకున్నాం. దాన్ని వేళ్లతో సహా పిలకలుగా విడదీసి, పై ఆకును సగానికి కత్తిరించి, తొలకరి వానలకు నాటితే మూడు నెలల్లో కోతకు వస్తుంది. నేల నుండి బెత్తెడు వదిలి కోస్తే మళ్లీ చిగురు వేస్తుంది. ఆకు అంచు బ్లేడులా చేతిని కోస్తుంది, చిన్న పిల్లల చేత కోయించవద్దు. నీళ్లు నిలవని నేల, బాగా ఎండ ఉంటే చాలు. ఇంతకన్నా బతకనేర్చిన మొక్కను మేము చూడలేదు.

పుదీనాకు వేరే ఖర్చు లేదు. కూరగాయల బజారులో కొన్న కట్టలోంచి ముదురు కాడలు నాలుగు తీసి, కింది ఆకులు తుంచి, గ్లాసు నీళ్లలో పెట్టండి. వారం పది రోజులకు కణుపుల దగ్గర తెల్లని వేళ్లు వస్తాయి. అప్పుడు వెడల్పాటి కుండీలో నాటాలి. దానికి ఒంటరి కుండీయే మేలు, లేకపోతే పక్క మొక్కల చోటంతా ఆక్రమించుకుంటుంది. మా మొదటి పుదీనా ఏప్రిల్ ఎండకు మాడిపోయింది. రెండవదాన్ని మధ్యాహ్నం నీడ పడే మెట్టు మీదికి మార్చాం, అది బతికింది.

తులసిని పక్కింటివారు ఇచ్చారు. వారు తమ కోటలోని తులసిని టీ కోసం తుంచరు. అది వారికి పూజనీయం. గాని దాని గింజలు రాలి గోడవార మొలిచిన మొక్కలను పెళ్లగించి, వేళ్లకు మట్టి ముద్ద పెట్టి మరీ మాకు అందించారు. తులసికి పూత వెన్నులు కనబడగానే గిల్లివేస్తూ ఉండాలి. వెన్ను ముదిరితే ఆకు చిన్నబోతుంది.

వామాకును మీరు బజ్జీలకు వాడే ఉంటారు. దళసరిగా, నూగుతో ఉండే ఆ ఆకు వాము వాసన వేస్తుంది గాని, మన పోపుల డబ్బాలోని వాము ఆ మొక్కకు కాసేది కాదు, రెండూ వేర్వేరు మొక్కలు. కొమ్మ విరిచి గుచ్చితే వామాకు బతుకుతుంది. ఎక్కువ నీళ్లు పోస్తే మాత్రం కుళ్లిపోతుంది. ప్రేమ ఎక్కువైనవారి చేతిలో చచ్చిపోయే మొక్క అది. అల్లం ముక్కను వానలు మొదలయ్యేటప్పుడు నీడపట్టున పాతిపెడితే ఎనిమిది తొమ్మిది నెలలకు తవ్వుకోవచ్చు.

నర్సరీ నుండి తెచ్చిన మొక్క ఆకును వెంటనే వాడకండి. దాని మీద ఏ మందు చల్లారో మనకు తెలియదు. పాత ఆకు తుంచివేసి, మన ఇంట్లో కొత్తగా వచ్చిన చిగురునే కోయాలి. రోడ్డు పక్కన పెరిగినదాని జోలికి అసలు పోవద్దు.

కాచడం, కలపడం

మా మొదటి గ్లాసు నోట పెట్టలేకపోయాం. పాల టీని కాచినట్టే పుదీనాను పొయ్యి మీద పావుగంట మరిగించాం. వాసనంతా ఆవిరితో వంటింటిలోకి పోయి, చేదు మాత్రం గిన్నెలో మిగిలింది. నాన్నగారు ఒక గుక్క తాగి, "ఇది పరీక్షలో తప్పినవాడికి పోయండి" అన్నారు.

తర్వాత నేర్చుకున్నదేమంటే, ఆకులను, పూలను మరిగించకూడదు. నీళ్లు తెర్లుతుండగా దించి, ఆకు వేసి, మూత పెట్టి అయిదు నుండి ఏడు నిమిషాలు ఉంచాలి. మూత తప్పనిసరి. ఆకులోని సువాసన తైలం ఆవిరిగా లేచి మూతకు తగిలి, చుక్కలుగా మళ్లీ గిన్నెలోకే దిగుతుంది. అల్లం, శొంఠి, మిరియాలు, ధనియాల వంటి గట్టి సరుకును మాత్రం నలగ్గొట్టి పది నిమిషాలు మరిగించాలి. నిమ్మగడ్డి ఈ రెండింటికీ మధ్యస్థం, కాసేపు మరిగినా ఓర్చుకుంటుంది.

కలపడంలో మా పిల్లలు ఒక ఆదివారం ఏడు రకాలు ఒకే గిన్నెలో వేశారు. మందుల షాపు వాసన వచ్చింది. ఒక ఆకు పెద్దరికం చేయాలి, మిగతా ఒకటి రెండు దానికి తోడుండాలి. మా రోజువారీ టీ ఇది: నాలుగు గ్లాసుల నీళ్లలో మూడు నిమ్మగడ్డి ఆకులు ముక్కలు చేసి, బొటనవేలి కొనంత అల్లం దంచి వేసి అయిదు నిమిషాలు మరిగిస్తాం. దించాక పది పుదీనా ఆకులు వేసి మూత పెడతాం. వానాకాలంలో రెండు గ్లాసులకు ఎనిమిది తులసి ఆకులు, ఒక వామాకు, నాలుగు మిరియాలు. దీనివల్ల జలుబు పోతుందని మేము చెప్పము. గొంతుకు హాయిగా ఉంటుంది, అంతే. వేసవిలో ధనియాలు, సోంపు కాచి, పుదీనా వేసి వడకట్టి, చల్లారాక మట్టి కుండలో పోసి ఉంచుతాం.

తీపి విషయంలో చాలామంది పొరబడుతున్నారు. పంచదార మానేసి బెల్లమో తేనో వేసుకుంటే షుగరు పెరగదనుకుంటారు. అవి కూడా రక్తంలో చక్కెరను పెంచేవే. ఏడాది నిండని పసిబిడ్డకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. దానిలో ఉండగల సూక్ష్మజీవుల వల్ల ప్రాణానికే ముప్పు రావచ్చు. రక్తం తక్కువగా ఉన్న ఆడవారు ఏ టీ అయినా భోజనంతో కాకుండా గంట ఆగి తాగడం మంచిది. తేయాకులోనే కాదు, కొన్ని మూలికలలో ఉండే పదార్థాలు కూడా తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

ఆకు ఎక్కువగా ఉన్నప్పుడు ఎండబెట్టి దాచుకోవచ్చు. నీడలో, గాలి ఆడేచోట, పలుచని గుడ్డ మీద పరచాలి. ఎండలో పెడితే రంగు, వాసన రెండూ పోతాయి. చేతిలో నలిపితే గలగలమని పొడి కావాలి. మేము జూలై ముసురులో పరిచిన తులసి మూడో రోజుకే బూజు పట్టింది, అంతా పారబోశాం. ఎండు ఆకు ఒక చెంచా పచ్చి ఆకు మూడు చెంచాలకు సమానం. పాత హార్లిక్స్ సీసాల్లో పోసి, తేదీ రాసి అతికించుకోండి.

గోంగూర టీ

ఇది విని మా చుట్టాలు నవ్వారు. గోంగూరను పచ్చడి చేసుకోవాలి గాని టీ ఏమిటి అన్నారు. గాని ప్రపంచంలో మందార టీ అని పేరుపడిన ఎర్రని పానీయం మన ఎర్ర గోంగూర మొక్కదే. పువ్వు రాలాక కాయను పట్టుకుని ఎర్రగా, పుల్లగా, దళసరిగా ఉండే రేకులను ఒలిచి ఎండబెట్టి కాస్తారు. ఈజిప్టు, సూడాన్ దేశాలలో దానిని కర్కదే అంటారు, సెనెగల్‌లో బిస్సాప్ అంటారు. జమైకాలో దాని పేరు సోరెల్. అక్కడ అల్లం వేసి కాచిన సోరెల్ లేనిదే క్రిస్మస్ పండుగ ఉండదు.

మన దగ్గర కూడా లెక్క సరిగ్గా క్రిస్మస్‌కే కుదురుతుంది. పగలు పొట్టిబడితేనే ఈ మొక్క పూస్తుంది. జూన్, జూలైలలో గింజ వేస్తే ఆకు కోసుకుంటూ ఉండి, నాలుగైదు మొక్కలను కాయలకు వదలండి. నవంబరు, డిసెంబరు నాటికి కాయలు సిద్ధమవుతాయి. అన్ని గోంగూరలకూ ఈ కండగల రేకులు రావు, ఎర్రని లావు కాయలు కాసే రకం గింజ అడిగి తెచ్చుకోవాలి. దీనిలో పాలు మాత్రం పోయకండి. మా చిన్నవాడు పోసి చూశాడు, విరిగి గడ్డలు కట్టింది.

ఇది బి.పి.ని కొంత తగ్గిస్తుందన్న మాటకు ఆధారం ఉంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారు 65 మందిపై చేసిన పరిశీలన 2010లో ప్రచురితమైంది. ఆరు వారాలపాటు రోజుకు మూడు కప్పులు తాగినవారికి పై బి.పి. సగటున 7 పాయింట్లు తగ్గింది. అటువంటి రంగు, రుచి ఉన్న ఉత్త పానీయం తాగినవారికి 1 పాయింటే తగ్గింది. వారంతా బి.పి. కాస్త ఎక్కువగా ఉన్నవారే, మాత్రలు వాడనివారు. ఇది చదివి మాత్రలు మానేసేవారుంటారని మాకు భయం. ఆకు, పువ్వు కూడా ఒంటి మీద పనిచేస్తాయనడానికి మేము చాలా మూల్యమే చెల్లించాం.

మేము చేసిన పొరపాటు

2020లో కరోనా రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ తులసి, దాల్చిన చెక్క, మిరియాలు, శొంఠి, ఎండు ద్రాక్షతో కాచిన కషాయాన్ని రోజుకు ఒకటి రెండు సార్లు తాగమని సూచించింది. మేము అక్కడితో ఆగలేదు. గొంతుకు మంచిదని ఎవరో చెప్పగా అతిమధురం కొని తెచ్చి, ఆ కషాయంలో గుప్పిళ్లతో వేసి, పూటకు ఒక గ్లాసు చొప్పున నాన్నగారి చేత తాగించాం. పంచదార వేయకుండానే తియ్యగా ఉంది కాబట్టి ఆయన కూడా ఇష్టపడ్డారు. ఇంకో గ్లాసు అడిగి మరీ తాగేవారు.

నెల తిరిగేసరికి ఆయన కాళ్లు నీరు పట్టాయి. మెట్లు ఎక్కలేకపోయారు. రాత్రుళ్లు పిక్కలు పట్టేసేవి. మాత్రలు వేళకు వేసుకుంటూనే ఉన్నా బి.పి. ఎన్నడూ లేనంత పెరిగింది. డాక్టరుగారు మాత్ర మార్చారు, ప్రయోజనం కనబడలేదు. రక్తపరీక్షలో పొటాషియం బాగా తక్కువని వచ్చింది. అప్పుడు ఆయన, "మాస్టారూ, నేను రాసిన మందులు కాకుండా ఇంకేమేమి తాగుతున్నారు?" అని అడిగారు. మేము కషాయం సంగతి అంతవరకు చెప్పనే లేదు. ఇంటి మూలికలే గదా, దానిలో చెప్పేదేముంది అనుకున్నాం.

అతిమధురంలో తీపినిచ్చే పదార్థమే ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెట్టి పొటాషియంను బయటికి పంపేస్తుందట. ఎక్కువ రోజులు వాడితే ఎవరికైనా బి.పి. పెరగవచ్చు. నాన్నగారు అప్పటికే మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వేసుకుంటున్నారు, పొటాషియంను తగ్గించే మాత్ర అది. ఆ రెండూ ఒకదానికొకటి తోడయ్యాయి. పొటాషియం మరీ పడిపోతే గుండె లయ తప్పుతుందని డాక్టరుగారు చెబుతుంటే మేము తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాం. ప్రేమతో పోసిన గ్లాసే అది.

కషాయం మానేశాక కూడా ఆయన కోలుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు నాలుగు గంటలకు కుర్చీ బయటికి రాలేదు.

అప్పటి నుండి మా ఇంట్లో రెండు అలవాట్లు వచ్చాయి. కొత్త ఆకు ఏదైనా మొదట ఒక్కటే, ఒక గ్లాసే. దాని పేరు, తేదీ, పరిమాణం నాన్నగారు ఒక రూళ్ల పుస్తకంలో రాస్తారు. డాక్టరుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రల చీటీతోపాటు ఆ పుస్తకం కూడా వెంట వెళ్తుంది. గోంగూర టీకి రోజుకు ఒక గ్లాసు, అదీ బి.పి. చూసుకుంటూ, అని అనుమతి దొరికింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు కూడా ఇలాగే ముందు అడగాలి. వంటలో వేసే పుదీనా, అల్లం వేరు, రోజూ గ్లాసులకొద్దీ తాగడం వేరు.

ఇక ఈ ఏటి సంగతి. గోంగూరకు పిండినల్లి పట్టింది. సబ్బు నీళ్లు చల్లి, పట్టిన రెమ్మలు తుంచివేసినా నాలుగు మొక్కల్లో రెండే నిలిచాయి. ఎండిన రేకులు ఒక్క సీసాకే వచ్చాయి. క్రిస్మస్‌కు వచ్చే బంధువుల కోసమని నాన్నగారు తన గుండ్రటి అక్షరాలతో చీటీ రాసి అతికించి పై అరలో పెట్టారు. అయినా సీసా మట్టం రోజూ కొంచెం తగ్గుతోంది. రూళ్ల పుస్తకంలో మాత్రం లెక్క సరిగ్గానే ఉంది. మా అనుమానం చిన్నవాడి మీద.