ఎవరును ఎత్తని మాటపై కోర్టు తీర్పు చెప్పవచ్చునా?

మన నేతవారికి కోర్టు తగాదాలు కొత్త గావు. నూలు బాకీలు, అన్నదమ్ముల పంపకములు, పడుగు పరచి గంజి పెట్టుకొను సందుల తగాదాలు ఏ ఊరనైనను ఉన్నవే. ఓడినవాడు ఓడితినని ఊరకుండును గాని, కొందరు మాత్రము ఇంకొక మాట చెప్పుదురు: “మేము వాదించినది ఒకటి, కోర్టువారు తీర్చినది మరొకటి. ఆ మాట మమ్ములను ఎవరును అడుగనే లేదు.” ఈ బాధకు చట్టములో మందు కలదు. అది యేదో మన కుటుంబములవారు తెలిసికొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఒక ఉదాహరణము తీసికొందము. ఇది ఊహించి చెప్పినది, ఏ ఇంటి కథయు గాదు. రాయచూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న దేవసూగూరులో రెండు నేత ఇండ్లకు నడుమ ఒక సందు ఉన్నదనుకొందము. మొదటి ఇంటివాడు రాయచూరు కోర్టులో దావా వేసి, “ఈ సందు నా సొంతము” అన్నాడు. రెండవవాడు “కాదు, నాది” అని జవాబు పెట్టినాడు. ఇద్దరును క్రయపత్రములు తెచ్చిరి, సాక్షులను పిలిపించిరి. కడపట న్యాయాధిపతి, “సందు వాదిది కాదు. అయినను అతడు చాలా ఏండ్లుగా దానిలో నడచుచున్నాడు, పడుగు పరచుచున్నాడు. కనుక అతనికి దారి హక్కు ఇచ్చుచున్నాను” అని తీర్పు చెప్పినాడు.

వినుటకు ఇది ధర్మముగానే తోచును. కాని రెండవ ఇంటివాని పక్షమున ఆలోచింపుడు. దారి హక్కు కావలెనన్నచో, 20 ఏండ్లు ఎడతెగక, బాహాటముగా, హక్కుగా వాడుకొని ఉండవలెను. అనుమతి అడిగి వాడుకొన్నచో హక్కు పుట్టదు. “ఏటేట మా నాయనను అడిగియే పడుగు పరచెడివారు” అని చెప్పగల ముసలివారు నలుగురు ఆ వీధిలోనే ఉండవచ్చును. వారిని అతడు పిలువలేదు. ఏల? దారి హక్కు మాట దావాలో లేదు గనుక. అడిగియుంటే చెప్పెడివాడు. అడుగకయే ఓడిపోయినాడు.

ఇట్టి తగాదాయే నిజముగా సుప్రీం కోర్టు వరకు పోయినది. బచ్చజ్ నాహర్ కేసని దానికి పేరు. వాదులు ఒక సన్నని స్థలము తమ సొంతమని దావా వేసిరి. పాట్నా హైకోర్టు, సొంతము రుజువు కాలేదు గాని దారి హక్కు కలదని డిక్రీ ఇచ్చెను. 2008లో సుప్రీం కోర్టు ఆ డిక్రీని కొట్టివేసెను. దావాలో చెప్పని మాటపై, విచారణకు పెట్టని అంశముపై, ఎదుటివానికి జవాబు చెప్పు వీలు లేనిచోట డిక్రీ ఇయ్యరాదని దాని సారము. అంతకు మునుపే 1953లో, మదరాసునుండి వచ్చిన ట్రోజన్ కంపెనీ కేసులో, దావా జవాబుల వెలుపలి ఆధారముపై తీర్పు నిలువదని అదే కోర్టు చెప్పియున్నది.

ఈ నియమము ఎందుకు పుట్టినదో దావా నడచు తీరు చూచిన తెలియును. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు ప్రకారము వాది తన సంగతులు వ్రాసి ఇచ్చును. ప్రతివాది జవాబు వ్రాయును. ఇద్దరి నడుమ ఎక్కడ భేదమున్నదో చూచి, ఆర్డరు 14 క్రింద కోర్టు వివాదాంశములను ఏర్పరచును. సాక్ష్యమంతయు వాటిమీదనే నడచును. పడుగు తోడనిదే పేక వేయలేము గదా. వివాదాంశములు ఆ పడుగువంటివి.

అయితే న్యాయాధిపతి నోరు కట్టుకొని కూర్చుండవలెనా? అక్కరలేదు. డిక్రీకి ముందు ఎప్పుడైనను కొత్త వివాదాంశమును చేర్చు అధికారము ఆయనకు కలదు. కొన్ని మాటలను ఎవరును ఎత్తకున్నను ఆయనే ఎత్తవలెను. కాలదోషము అట్టిది. 1963 నాటి లిమిటేషన్ చట్టము 3వ సెక్షను ప్రకారము, గడువు దాటిన దావాను, ప్రతివాది ఆ మాట ఎత్తకున్నను కోర్టు కొట్టివేయవలెను. తనకు విచారణాధికారము కలదా లేదా అనునదియు అట్టిదే.

ఇక్కడనే జాగ్రత్త కావలెను. ఒక నేతగాడు చేతిబదులుగా ఇచ్చిన సొమ్ముకు మూడేండ్లు దాటిన పిమ్మట దావా వేసినాడనుకొందము. ప్రతివాది గడువు మాట ఎత్తలేదు. కోర్టు తనంతట తాను దానిని ఎత్తి వెంటనే కొట్టివేసినచో, బాకీ ఒప్పుకొనుచు గడువు లోపల ప్రతివాది సంతకము చేసి ఇచ్చిన చీటీ వాది పెట్టెలోనే ఉండిపోవును. అట్టి చీటీ ఉన్నచో ఆ తేదీనుండి గడువు మరల మొదలగును. కనుక మాట ఎత్తుట కోర్టు విధియే. కాని ఎత్తిన మాటను పక్షములకు చెప్పి, “దీనికేమందురు?” అని అడుగుటయు విధియే.

అప్పీలులో ఈ సంగతి మరింత స్పష్టము. ఆర్డరు 41, రూలు 2 ప్రకారము, అప్పీలు కోర్టు అప్పీలు కాగితములో లేని కారణమును గూడ తీసికొనవచ్చును. కాని దానివలన నష్టపడు పక్షమునకు ఎదిరించి చెప్పుకొనుటకు తగిన అవకాశము ఇయ్యనిదే, దానిపై తీర్పును నిలుపరాదు. దేవసూగూరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది, నేడు కర్ణాటకలోనిది. రాయచూరు జిల్లా కేసులు కలబురగిలోని హైకోర్టు బెంచికి పోవును. కృష్ణకు ఆవలనున్న నారాయణపేట, ఈవలనే ఉన్న గద్వాల తెలంగాణలోనివి. హైకోర్టులు వేరైనను ఈ రూలు ఒక్కటే.

ఈ నియమమునకు మరొక ప్రక్కయు కలదు. కాగితములో ఒక మాట లేదన్నంత మాత్రమున తీర్పు చెడదు. 1951లో సుప్రీం కోర్టు తీర్చిన శ్రీనివాస్ రామ్‌కుమార్ కేసులో, ఇంటి అమ్మకము ఒప్పందము క్రింద 30,000 రూపాయలు ఇచ్చితినని వాది చెప్పెను. అది అమ్మకపు సొమ్ము గాదు, అప్పు అని ప్రతివాదియే అనెను. ఒప్పందము రుజువు కాలేదు. అయినను ప్రతివాది తానే ఒప్పుకొన్న అప్పుకు డిక్రీ ఇయ్యవచ్చునని కోర్టు చెప్పెను. అతని నోటి మాటయే గనుక అతనికి ఆశ్చర్యము లేదు, అన్యాయము లేదు. ఎదుటివాడు నిజముగా మోసపోయినాడా, చెప్పుకొను వీలు పోగొట్టుకొన్నాడా అనునదే గీటురాయి.

వినుట అనగా నిజముగా వినుటయే గాని తంతు గాదు. ఈ సంగతి తెలుగునాట కేసులోనే బాగుగా తేలినది. కృష్ణా జిల్లా బస్సు మార్గములను ప్రభుత్వము తీసికొనునప్పుడు, బస్సు యజమానుల ఆక్షేపణలను ఒక కార్యదర్శి వినెను. నిర్ణయము ముఖ్యమంత్రి చేసెను. 1958లో గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసులో సుప్రీం కోర్టు ఆ నిర్ణయమును రద్దు చేసెను. ఒకరు విని మరొకరు తీర్చినచో వినుట ఉత్తదే యగునని తీర్పు వ్రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావు గారు.

ఇక మనము చేయవలసినవి. దావాగాని జవాబుగాని సంతకము చేయుటకు ముందు, కాగితము కన్నడములో ఉన్నను ఆంగ్లములో ఉన్నను, తెలుగులో చెప్పించుకొని వినవలెను. సొంతము మాటతోబాటు దారి హక్కు మాటయు ఉన్నచో, రెండును వ్రాయుమని వకీలును అడుగవలెను. మరచినది జ్ఞాపకము వచ్చినచో, విచారణ మొదలు కాకముందే సవరణకు దరఖాస్తు పెట్టవలెను. వాయిదానాడు న్యాయాధిపతి కొత్త మాట ఎత్తినచో, “జవాబుకు గడువు ఇప్పింపుడు” అని అడిగించవలెను. ఆ సంగతి రికార్డులోకి ఎక్కునట్లు చూడవలెను. అడుగని మాటపై తీర్పు వచ్చినచో కాలయాపన చేయరాదు. జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 దినములు, హైకోర్టుకు 90 దినములు. అప్పీలు కాగితములో, ఆ మాట ఎత్తియుంటే ఏ సాక్షిని, ఏ పత్రమును తెచ్చియుందుమో విడమరచి వ్రాయించవలెను. ఉత్త “అన్యాయము” అన్నచో చాలదు. వకీలును పెట్టుకొనలేని ఆడవారికి, షెడ్యూల్డు కులములు తెగలవారికి, ఆదాయము తక్కువ గలవారికి 1987 నాటి చట్టము క్రింద ఉచిత న్యాయ సహాయము కలదు.

కడపట ఒక మాట. ఈ ధర్మము కోర్టుకే పరిమితము గాదు. మన సంఘములలోను, కులపెద్దల కూటములలోను ఒక సభ్యునిపై నూలు లెక్క తప్పినదని పిలిచి, మరేదో తప్పు మోపి వెలివేయుట తగదు. ఏ మాటపై తీర్చనున్నారో ముందుగా అతనికి చెప్పి, అతని నోట విని, పిమ్మటనే తీర్చవలెను. కోర్టునుండి మనము కోరు న్యాయమును మన అరుగుమీదను పాటింతుముగాక.